ఆఫ్‌సెట్ గిటార్ చేయించుకుని నాలుగేళ్ళు: ఉప్పుగాలిలో తేలిన లెక్కలు

ఈ దసరాకి నా కరెంటు గిటార్ వచ్చి నాలుగేళ్ళు నిండాయి. బెంగళూరులో ఒకాయన దగ్గర ఆర్డరిచ్చి చేయించుకున్నది. అంతకు ముందు నెల రోజులు రాత్రిళ్ళు కూర్చుని ముప్ఫై ఎనిమిది గడుల పట్టిక తయారుచేశాను. ఏ చెక్క, ఏ పికప్ (తీగ మోతని కరెంటుగా మార్చే ముక్క), ఫ్రెట్లు (మెడ మీది లోహపు గీతలు) ఎన్ని, ట్యూనర్లు ఎలాంటివి, చివరికి స్ట్రాప్ బటన్ రంగు కూడా అందులో ఉంది. మా ఆవిడ ఆ కాగితం చూసి "పెళ్ళిచూపులప్పుడు కూడా ఇన్ని అడగలేదు కదండీ మీరు" అంది. ఆ ముప్ఫై ఎనిమిదిలో ఇవాళ నాకు నిజంగా అక్కరకొస్తున్నవి ఓ పది. ఆరు పచ్చి తప్పులు. మిగతావి ఎలా రాసినా తేడా ఉండేది కాదు.

నేనుండేది విశాఖ చిన వాల్తేరులో, బీచ్ రోడ్డుకి నడిచి వెళ్ళేంత దూరం. పగలు ఉద్యోగం, సెలవు రోజుల్లో ఆర్కెస్ట్రా. చవితి పందిళ్ళు, దసరా పందిళ్ళు, పెళ్ళి రిసెప్షన్లు. ఎక్కువగా పాత సినిమా పాటలే. ఒక్కోసారి మూడు గంటలు నిలబడి వాయించాలి. ఏసీ గదిలో సోఫా మీద కూర్చుని వాయించుకునే వాళ్ళకి నా బాధలు కొన్ని అసలు తగలవు, ఆ సంగతి గుర్తుంచుకుని చదవండి.

ఆఫ్‌సెట్ అంటే నడుము రెండువైపులా ఒకేచోట లోపలికి నొక్కినట్టు కాకుండా, ఒకవైపు ముందుకీ ఒకవైపు వెనక్కీ జరిగి, బాడీ మొత్తం ఏటవాలుగా వాలినట్టుండే ఆకారం. 1958లో ఫెండర్ గిటార్ కంపెనీ వాళ్ళు జాజ్‌మాస్టర్ అనే మోడల్‌ని తెచ్చింది కూర్చుని వాయించే జాజ్ వాళ్ళని దృష్టిలో పెట్టుకుని. జాజ్ వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు, సముద్రపు ఒడ్డు సర్ఫ్ బ్యాండ్ల కుర్రాళ్ళు ఎత్తుకుపోయారు. 1962లో దాని తమ్ముడు జాగ్వార్ వచ్చింది, ఇంకా పొట్టి మెడతో. ఒడిలో పెట్టుకుంటే ఈ ఆకారం ఎంత హాయిగా కూర్చుంటుందో చెప్పలేను. నిలబడితే మాత్రం బాడీ పెద్దది కాబట్టి బరువు బరువే.

చెక్క సంగతి ఇక్కడే ముగించేస్తాను, ఎందుకంటే అందరూ దీని మీదే కొట్టుకుంటారు. విజయనగరంలో మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు దాచిన టేకు దూలం ఒకటుంది, దాంతోనే బాడీ చెయ్యమన్నాను. "ఇంత పెద్ద బాడీ టేకుతో అయితే ఐదు కేజీలకి దగ్గరవుతుంది సార్, మీ భుజం మీ ఇష్టం" అన్నాడాయన. చివరికి బాడీ మహాగనీతో చేసి, ఆ టేకు నుంచి పల్చటి పొర కోసి హెడ్‌స్టాక్ (మెడ చివర తీగలు బిగించే తల భాగం) ముందు అంటించాడు. మొత్తం 3.9 కేజీలు. నాన్న చూసి మురిసిపోయారు. చెక్క మారితే ధ్వని ఎంత మారుతుందో నాకు తెలియదు గానీ, భుజం నొప్పి మాత్రం కచ్చితంగా మారుతుంది.

ఇక అసలు విషయం, స్కేలు. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే ఆధారం) దాకా తీగ మోగే పొడవు. జాజ్‌మాస్టర్‌కి 25.5 అంగుళాలు, జాగ్వార్‌కి 24. నేను మధ్యస్థంగా 24.75 తీసుకున్నాను. కారణం గమకాలు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ మీద పలికించిన గమకాలు వింటూ పెరిగాం, తీగ లాగితే మెత్తగా రావాలని మనకో ఆశ. తీగా శ్రుతీ అవే ఉంచితే బిగువు పొడవు వర్గంతో పాటు మారుతుంది. అంటే 25.5 నుంచి 24.75కి వస్తే సుమారు ఆరు శాతం, 24కి వస్తే పదకొండు శాతం తగ్గుతుంది. ఆ ఆరు శాతం వేలికి తెలుస్తుంది. ఇంతవరకూ నా లెక్క సరైనదే.

నేను చూడనిది ఏమిటంటే, ఆ గడిలో అంకె మార్చగానే బ్రిడ్జి గడి కదిలిపోయింది. ఈ పాతకాలపు డిజైన్‌లో తీగలు కట్టే టెయిల్‌పీస్ బ్రిడ్జికి చాలా వెనకాల ఉంటుంది. తీగ బ్రిడ్జి దాటాక దాదాపు తిన్నగానే పోతుంది, కిందికి వంగేది కొంచెమే. అందుకని బ్రిడ్జి మీద పడే ఒత్తిడి తక్కువ. పైగా శాడిళ్ళు (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే ముక్కలు) మర చుట్టిన సన్నటి గొట్టాలు, గట్టిగా మీటితే తీగ ఒక గాడిలోంచి పక్క గాడిలోకి దూకుతుంది. 1958 నాటి వాళ్ళు లావు తీగలు వేసేవారు, వాటి బిగువే బ్రిడ్జిని అణిచిపెట్టేది. నేనేమో పొట్టి స్కేలు, దాని మీద పది నంబరు సన్న తీగలు వేసి, "అసలు రూపం పోకూడదు" అని ఆ పాత బ్రిడ్జే అడిగాను. మూడు మెత్తటి ఎంపికలు ఒకదాని మీద ఒకటి! మొదటి ప్రోగ్రాములోనే ఆరో తీగ పక్కకి దూకింది, ఐదో తీగ పాట పొడుగునా జుయ్యిమంది.

దీన్ని దారికి తేవడానికి ఏడాదిన్నర పట్టింది. ముందు కాస్త లావైన పదకొండు నంబరు తీగలకి మారాను, సగం జబ్బు పోయింది (మెత్తదనమూ కొంత పోయింది, అది వేరే ఏడుపు). తర్వాత నెక్ (మెడ) బాడీలో కూర్చునే చోట పల్చటి చెక్క బద్ద పెట్టి, నెక్‌ని ఓ అర డిగ్రీ వెనక్కి వాల్చాం. అప్పుడు బ్రిడ్జి పైకి లేపాల్సి వస్తుంది, తీగ వంపు పెరుగుతుంది. ఆఖరికి బ్రిడ్జే మార్చాను, ఒక్కో తీగకి ఒక్కటే లోతైన గాడి ఉండే రకానికి. అందులోనూ ఒక దెబ్బ తిన్నాను. మొదట తెప్పించింది 7.25 అంగుళాల వంపు ఫ్రెట్‌బోర్డు కోసం చేసింది. నాది 9.5. ఈ అంకె ఎంత చిన్నదైతే బోర్డు అంత గుండ్రంగా ఉన్నట్టు. దాంతో మధ్య తీగలు ఆకాశంలో, చివరి తీగలు నేల మీద. దాన్ని పక్కన పడేసి 9.5ది మళ్ళీ తెప్పించుకున్నాను. ఇప్పుడు బ్రిడ్జి ఊసే లేదు.

మీరు చేయించుకునేటప్పుడు స్కేలు, తీగల నంబరు, బ్రిడ్జి, బోర్డు వంపు, నెక్ వాలు, ఈ ఐదింటినీ ఒకే గడిగా చూడండి. విడివిడిగా నింపితే నాలాగే అవుతుంది.

నెక్ మందం గడిలో నేను రాసింది "మీడియం సి", అంటే వెనకవైపు సి అక్షరంలా గుండ్రంగా, మధ్యస్థ మందం. నా మొత్తం కాగితంలో ఇంతకన్నా పనికిమాలిన మాట లేదు. ఒకరి మీడియం ఇంకొకరికి రోకలిబండ. వచ్చినదాన్ని పట్టుకోగానే తేడా తెలిసింది గానీ, కొత్త మోజులో "అలవాటైపోతుందిలే" అనుకున్నాను. అలవాటు కాలేదు. ఒకే వేలితో తీగలన్నీ అదిమే బార్ కార్డులు పట్టీ పట్టీ రెండో గంటకి బొటనవేలి మొదట్లో పోటు. షిప్‌యార్డులో పనిచేసే మిత్రుడు వెర్నియర్ తెచ్చి కొలిస్తే మొదటి ఫ్రెట్ దగ్గర 23 మిల్లీమీటర్లు. పదేళ్ళుగా నేను వాయించిన పాత చవక గిటార్ 20.5! ఆ పని ఆర్డరిచ్చే ముందు చేసుంటే అయిదు నిమిషాలు. ఏడాది తర్వాత నెక్ విప్పి బెంగళూరు పంపి, 21.5కి చెక్కించుకున్నాను. లోపల ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే కడ్డీ) గాడి ఉంటుంది కాబట్టి ఇంకా కిందికి వెళ్ళనన్నాడు. మీ చేతికి అలవాటైన గిటార్‌ని మొదటి ఫ్రెట్ దగ్గరా పన్నెండో ఫ్రెట్ దగ్గరా కొలిచి, నట్ వెడల్పుతో సహా మిల్లీమీటర్లలో రాసివ్వండి.

రిథమ్ సర్క్యూట్ కథ చెప్పాలి. ఈ రకం గిటార్లకి పైకొమ్ము దగ్గర ఒక చిన్న జారుడు స్విచ్చి, పక్కన రెండు చక్రాలు ఉంటాయి. స్విచ్చి జరిపితే మెడ వైపు పికప్ ఒక్కటే, విడి వాల్యూమ్‌తో, మందంగా మూసుకుపోయిన ధ్వనితో మోగుతుంది. జాజ్ వాళ్ళకి అది కావాలి. నాకెందుకు? చూడ్డానికి బాగుంటుందని పెట్టించాను. గాజువాక పందిట్లో ఒక పాట ఇంటర్లూడ్, గిటార్ ఒక్కటే వాయించాల్సిన చోట, ఊపులో చెయ్యి పైకెళ్ళి ఆ స్విచ్చికి తగిలింది. ధ్వని ఒక్కసారి నూతిలో పడింది. నేను ఆంప్ వైపు చూస్తున్నాను, కేబుల్ కదుపుతున్నాను, పెడల్ తొక్కుతున్నాను. కీబోర్డు వాయించే మా బావ పక్కనుంచి "ఏటి బావా, సౌండు మీద దుప్పటి కప్పీసినావేటి?" అంటున్నాడు. ఆ వారమే దాని వైరు తీయించేశాను. స్విచ్చీ చక్రాలూ అలాగే ఉన్నాయి, మా మేనల్లుడు ఆడుకుంటుంటాడు.

పికప్‌లు అసలు పద్ధతివే, వెడల్పుగా పల్చగా చుట్టిన సింగిల్ కాయిల్ (ఒకే తీగ చుట్ట). ధ్వనికి మాత్రం నేను పూర్తిగా దాసోహం. గాత్రం పక్కన గొంతు చించుకోకుండా, అలాగని మునిగిపోకుండా, గంటలా విడిగా వినిపిస్తుంది. వాల్యూమ్‌కి ఒక మెగా ఓమ్ పాట్‌లు (నాబ్ కింద ఉండే తిప్పుడు రెసిస్టర్లు) వేయించాను, సీరియల్ లైట్ల కింద స్పీకర్లలో కీచుమనేది, 500 కిలో ఓమ్‌కి మార్చాక చెవికి హాయి. అయితే హమ్ ఉంది. జనరేటరూ, సీరియల్ లైట్ల డిమ్మర్లూ, వేలాడే కరెంటు తీగలూ ఉన్న పందిట్లో ఈ కాయిళ్ళు అన్నిటినీ పీల్చుకుంటాయి. లోపల రాగి రేకు అంటిస్తే చిటపట తగ్గుతుంది, కానీ అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే 50 హెర్ట్జ్ హమ్‌ని రాగి రేకు ఆపలేదు. నన్ను కాపాడుతున్నది మధ్య పొజిషన్. రెండు పికప్‌లు ఒకదానికొకటి తిరగేసి చుట్టినవి కాబట్టి, కలిపి వాడితే హమ్ కొట్టుకుపోతుంది. పందిళ్ళలో ముప్పాతిక పాటలు దాని మీదే.

ట్రెమొలో (కడ్డీ కదిపి తీగల శ్రుతిని ఊపే ఏర్పాటు) గురించి ఫిర్యాదు లేదు. దీనితో శ్రుతిని ఒక్కసారి పాతాళానికి డైవు కొట్టించలేరు, అలా కావాలంటే వేరే గిటార్ కొనుక్కోండి. మై బ్లడీ వాలెంటైన్ బ్యాండు కెవిన్ షీల్డ్స్ ఈ కడ్డీని చేతిలోనే ఉంచుకుని కార్డులు మీటుతూ ధ్వనిని అలలా ఊపుతాడు. నేను అంత దూరం పోను. చరణం చివర స్వరం మీద సన్నటి కంపనం, అంతే. నట్ గాడుల్లో పెన్సిల్ పొడి వేస్తే శ్రుతి నిలుస్తుంది.

ఇప్పుడు మన ఊరి గాలి. ఇక్కడే నా కాగితం పూర్తిగా ఫెయిలైంది, ఎందుకంటే నేను చదివిన సలహాలు రాసిన వాళ్ళెవరూ సముద్రం పక్కన మే నెలలో చెమటలు కక్కుతూ వాయించినట్టు లేదు. బాడీకి నైట్రోసెల్యులోజ్ లాకర్ పూత వేయమన్నాను, "చెక్క ఊపిరి తీసుకుంటుంది" అని ఎక్కడో చదివి. మొదటి ఎండాకాలానికే ముంజేయి ఆనే చోట జిగురైంది. స్టాండు రబ్బరు తగిలిన చోట మరక పడి అలాగే ఉండిపోయింది. పాలీయురెథేన్ వేయించుకోండి, గొడవ లేదు. బ్రిడ్జి శాడిళ్ళ ఎత్తు సరిచేసే చీమతలకాయంత మరలు రెండో వానాకాలానికి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి, అలెన్ కీ పెట్టి తిప్పితే తల అరిగిపోయింది. ఇప్పుడు అన్నీ స్టెయిన్‌లెస్ మరలే.

ఆయన మాట విని బాగుపడినవి రెండు. ఒకటి స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు. ఎనిమిది వేలు అదనంగా అడిగితే మూలిగాను. పాత గిటార్‌కి రెండేళ్ళకే మొదటి మూడు ఫ్రెట్ల మీద గుంటలు పడ్డాయి, దీనికి నాలుగేళ్ళకీ గీత లేదు, పచ్చబడలేదు. రెండోది ట్రస్ రాడ్ తిప్పే చోటు హెడ్‌స్టాక్ వైపు పెట్టించడం. పాత పద్ధతిలో అది బాడీ వైపు ఉంటుంది, ప్రతిసారీ నెక్ విప్పాలి. ఇక్కడ వానాకాలం వెళ్ళి చలికాలం వచ్చేసరికి నెక్ వంపు మారుతుంది. ఏడాదికి రెండుసార్లు పావు చుట్టు తిప్పుకుంటాను, రెండు నిమిషాల పని.

ఆయన మీద కోపం ఒక్కటే. జనవరిలో ఆర్డరిస్తే మే నెలకల్లా ఇస్తానన్నది అక్టోబరులో ఇచ్చాడు. మధ్యలో ఫోనెత్తలేదు. చవితి సీజనంతా పాత గిటార్‌తోనే. అన్నీ కలిపి లక్షా ముప్ఫై వేలు, తర్వాతి రిపేర్లకి ఇంకో ఇరవై.

రంగు ఫిషింగ్ హార్బర్ పడవల నీలం. నాబ్‌లు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేయించి, లక్క రంగు వేయించాను. రంగు ఇవాళ్టికీ మెరుస్తోంది గానీ, కర్ర మెత్తనిది కావడంతో ఏడాదికే రంధ్రం వదులై వాల్యూమ్ నాబ్ ఊరికే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. లోపల టేపు చుట్టి నెట్టుకొస్తున్నాను. ఈసారి రంధ్రంలో ఇత్తడి గొట్టం బిగించి తెమ్మన్నారు అక్కడివాళ్ళు. పండగలు అయ్యాక వెళ్ళాలి.