1752 లండన్ ప్యాకేజీ కొనేవాళ్లు ముందు తిరుగు ప్రయాణం తేదీ చూసుకోండి

మనుషుల్ని కాలంలో వెనక్కి పంపే ఆ సంస్థ పేరు రాయట్లేదు, గొడవ ఇంకా నడుస్తోంది. '1752 లండన్, సామాన్యుల మధ్య 111 రోజులు' అని అమ్ముతున్నది ఎవరో, ఆ ప్యాకేజీ చూస్తున్నవాళ్లకు తెలిసే ఉంటుంది. అడ్వాన్స్ కట్టినవాళ్లు ఉంటే ఇప్పుడే కాంట్రాక్టు తీయండి. తిరుగు ప్రయాణం సెప్టెంబర్ 3 నుంచి 13 లోపు ఏ రోజున ఉన్నా సంతకం పెట్టకండి. ఇంగ్లండ్‌లో ఆ ఏడాది ఆ తేదీలు రాలేదు. సెప్టెంబర్ 2 బుధవారం రాత్రి పడుకున్నవాళ్లు తెల్లారి లేచేసరికి సెప్టెంబర్ 14 గురువారం.

నా తిరుగు ప్రయాణం సెప్టెంబర్ 8.

ముందే తెలియదా అని అడుగుతారు. తెలుసు. అక్కడే నాకు సిగ్గు. బ్రోచర్ మొదటి పేజీలోనే 'పదకొండు రోజులు మాయమైనప్పుడు జనం చేసిన అల్లర్లు కళ్లారా చూడండి' అని పెద్దక్షరాలతో ఉంది. ఐదో పేజీలో తిరుగు ప్రయాణం సెప్టెంబర్ 8 అని ఉంది. రెండూ చదివాను. చదివే సంతకం పెట్టాను. అమ్మిన అబ్బాయికీ వెలగలేదు, నాకూ వెలగలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు లినక్స్ టెర్మినల్‌లో క్యాలెండర్ చూపించే కమాండ్, cal 9 1752 అని కొట్టి చూడండి, రెండు పక్కనే పద్నాలుగు కనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ కమాండ్ తెలిసిన మనిషిని నేను.

సంగతి ఏమిటంటే, పోప్ గ్రెగరీ 1582లో క్యాలెండర్ సరిచేస్తే ఇటలీ, స్పెయిన్ లాంటి దేశాలు అప్పుడే మారాయి. పోపు మాట మనమెందుకు వినాలని ఇంగ్లండ్ మరో 170 ఏళ్లు పాత లెక్కనే పట్టుకుని కూర్చుంది. 1752 నాటికి తేడా 11 రోజులు. ఈ సంస్థ యంత్రం మాత్రం ఏ దేశమైనా, ఏ శతాబ్దమైనా కొత్త లెక్కలోనే నడుస్తుంది. నన్ను మే 20న దింపుతామన్నారు. దిగి, కాఫీ హౌస్‌లో బల్లమీద ఉన్న పత్రిక చూస్తే మే 9 అని ఉంది. పాత పత్రికేమో అనుకున్నాను. మధ్యలో ఆదివారం పోయాక మే 11 పత్రిక వచ్చింది. బుక్‌లెట్‌లో 'దిగే సమయంలో రెండు వారాల వరకు తేడా సహజం' అని ఉంటే సరిపెట్టుకున్నాను. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డవాడికి తేదీలు వెతికే తీరిక ఎక్కడిది?

ఇంకో మోసం నాణేల్లో ఉంది. 'ఆ కాలపు అసలు నాణేలు' అని సంచి ఇచ్చారు. అసలువే, కాదనను. రెండో జార్జ్ రాజు బొమ్మ ఉన్న వెండి షిల్లింగులు, కొత్తగా తళతళలాడుతున్నాయి. సేకరించేవాళ్ల దగ్గర తేలిగ్గా దొరికేవి కొనేసి ఉంటారు. ఆ రాజు షిల్లింగుల్లో అన్నిటికంటే ఎక్కువ దొరికేవి 1758లో ముద్రించినవి. నేను నిలబడి ఉన్నది 1752లో. లండన్‌లో నదికి దక్షిణాన ఉన్న సదర్క్‌లో గది అద్దెకిచ్చిన పెద్దావిడ మొదటి వారం అద్దె చేతిలోకి తీసుకుని, దీపం దగ్గర పెట్టి, తేదీ చదివి, మళ్లీ చదివి, తలుపు గడియ వేసింది. దొంగ వెండి నాణెం చేస్తే అక్కడ రాజద్రోహం కింద ఉరి. ఆరేళ్ల తర్వాత ముద్రించబోయే నాణేలు దొంగవి కావని ఏ న్యాయమూర్తికి ఎలా చెప్పను? ఆవిడ నన్ను పట్టివ్వలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. సంచి మొత్తం గుమ్మరించి, వేలితో ఒక్కొక్కటీ జరిపి, మూడే పక్కన పెట్టింది. విలియం రాజు కాలంనాటివి, ముఖం కూడా నున్నగా అరిగిపోయినవి. 'ఇవే డబ్బు, మిగతావి నదిలో పారెయ్' అంది. ఆ రోజుల్లో అక్కడ వెండికి కరువు, చలామణిలో ఉన్నదంతా అరిగిపోయినదే. మెరిసే నాణెం చూస్తేనే జనానికి అనుమానం. కాబట్టి మీ సంచి ముందుగా తెరిపించండి, ప్రతి నాణెం మీది తేదీ మీరే చదవండి.

కొత్త మనుషుల మధ్య బతకడం కష్టమా అని చాలామంది అడుగుతున్నారు. వాసన, చీకటి, చలి, ఇవన్నీ రెండు వారాల్లో అలవాటవుతాయి. అచ్చులో ఒక రకం 'ఎస్' అక్షరం 'ఎఫ్'లా ఉంటుంది, అదీ అలవాటవుతుంది. ఇళ్లకు నంబర్లు లేవు. ఫలానా బొమ్మ బోర్డుకు ఎదురుగా, ఫలానా సందులో అని దారి చెబుతారు. నాలుగుసార్లు తప్పిపోయాక మీకే బోర్డులన్నీ కంఠతా వస్తాయి. అలవాటు కానిది ఒక్క ప్రశ్న. ఎవరి తాలూకు నువ్వు? పేరు తర్వాత, పని తర్వాత. ముందు ఏ పారిష్, అంటే ఏ చర్చి పరిధిలోని ఊరి మనిషివో తేలాలి. 1662 నుంచి ఉన్న చట్టం ప్రకారం ఏడాదికి 10 పౌండ్ల లోపు అద్దె ఉన్న చోట కొత్తగా దిగినవాణ్ని, రేపు మనకే భారమవుతాడేమో అని అధికారులు ఫిర్యాదు చేస్తే, 40 రోజుల్లోపు సొంత పారిష్‌కు పంపించేయొచ్చు. నా గది వారానికి రెండు షిల్లింగులు. ఏడాదికి లెక్కేస్తే 5 పౌండ్ల 4 షిల్లింగులు. పంపించేయదగ్గ మనిషిని. పంపడానికి సొంత పారిష్ అంటూ లేని మనిషిని. సంస్థ నాకిచ్చిన పత్రాల్లో ఎంతో అందమైన పరిచయ లేఖ ఉంది గానీ, అక్కడివాళ్లు నిజంగా అడిగే సెటిల్‌మెంట్ సర్టిఫికెట్, అంటే ఈ మనిషి మావాడే అని సొంత పారిష్ రాసిచ్చే కాగితం లేదు.

నా రంగు చూసి అందరూ ఓడల్లో పనిచేసే లాస్కర్ అనుకున్నారు. అదే మంచిదైంది. 'నా ఓడ తప్పిపోయింది, వచ్చే ఓడ కోసం చూస్తున్నాను' అని చెప్పడం మొదలుపెట్టాను. ఈస్టిండియా కంపెనీ ఓడలో మద్రాసు వెళ్లొచ్చిన ఒకాయన నీ భాషేంటి అని అడిగితే తెలుగు అన్నాను. ముఖం చిట్లించాడు. రెండు ముక్కలు మాట్లాడి వినిపించాక, 'ఓ, జెంటూ' అన్నాడు. అప్పుడు ఇంగ్లిష్‌వాళ్లు మన భాషను అలాగే పిలిచేవాళ్లు. ఆ రోజంతా ఆ తప్పు పేరు తల్చుకుని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నా మాటకు అక్కడ కూడా ఒక పేరుంది కదా అని.

టీకాల గురించి ఒక మాట. సంస్థ వేయించిన జాబితాలో మశూచి లేదు. అది 1980లోనే ప్రపంచం నుంచి పోయిందని ప్రకటించారు కాబట్టి అవసరం లేదట! మనం వెళ్తున్నది అది పోకముందుకే కదా అని అడగాలని ఎవరికీ తోచలేదు. పనికోసం తిరిగితే మొదటి ప్రశ్న మశూచి వచ్చిపోయిందా అని. వచ్చిపోయినవాళ్లే కావాలని పనిమనుషుల ప్రకటనల్లో కూడా వేస్తారు. ముఖం మీద ఒక్క మచ్చ లేని నన్ను చూసి ఒకావిడ గుమ్మంలోంచే వెళ్లమంది. జులైలో పక్కింటి పిల్లాడికి వచ్చింది. మా పెద్దావిడ ముఖమంతా మచ్చలే, కాబట్టి ఆవిడే వెళ్లి కూర్చుంది. నేను గది వదిలి పదిహేను రోజులు ఒక గిడ్డంగిలో మూటల మధ్య పడుకున్నాను. ఆవుల మశూచి అంటించుకుంటే మనుషుల మశూచి రాదన్న సంగతి నాకు తెలుసు. చెబితే ఎవరు నమ్ముతారు? దాన్ని 1796లో నిరూపించబోయే డాక్టర్ జెన్నర్‌కు అప్పటికి మూడేళ్లు. పిల్లాడు బతికాడు. నా తెలివితో కాదు.

మళ్లీ తేదీల దగ్గరికి వస్తాను. ఆగస్టు చివర్లో పెద్దావిడకు పట్టుకున్న దిగులు నా దిగులు కంటే తెలివైనది. మూడు నెలలకోసారి ఇంటి యజమానికి కట్టే అద్దె సెప్టెంబర్ 29న ఇవ్వాలి. మధ్యలో 11 రోజులు ఎగిరిపోతే, బతకని రోజులకు అద్దె కట్టాలా అని. వాకబు చేస్తే చట్టంలోనే ఉంది. పాత ఒప్పందాల చెల్లింపులు అసలు రోజుల లెక్కనే జరగాలి, అంటే అక్టోబర్ 10న. 18వ శతాబ్దపు పార్లమెంటుకు తట్టిన ఈ చిన్న ఆలోచన, కాలంలోకి మనుషుల్ని పంపడమే వ్యాపారంగా పెట్టుకున్న సంస్థకు తట్టలేదు. ఆవిడ అద్దె గొడవ వింటున్నప్పుడే నాకు గుండె ఝల్లుమంది. పంచాంగం తెప్పించి చూశాను. సెప్టెంబర్‌కు 19 రోజులే.

ఎనిమిది లేదు కాబట్టి మన కాలానికి తిరిగి తీసుకొచ్చే తలుపు రెండో తేదీ రాత్రో, పద్నాలుగు ఉదయమో తెరుచుకోవాలి అనుకున్నాను. బుధవారం చీకటి పడగానే, దిగిన చోటికే, నది మెట్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. బ్రోచర్ చెప్పిన అల్లర్లు ఎక్కడా లేవు. ఒక కావలివాడు వచ్చి పేరడిగి వెళ్లాడు. ఒక పిల్లి వచ్చింది. తెల్లారింది, గురువారం, పద్నాలుగు, దుకాణాలు తెరిచారు. అంతే. ఆ అల్లర్లు జరిగాయనడానికి ఆధారం లేదని చరిత్రకారులు ఎప్పుడో తేల్చారు. రెండు మూడేళ్ల తర్వాత హోగార్త్ అనే చిత్రకారుడు వేసిన ఎన్నికల చిత్రంలో 'మా పదకొండు రోజులు మాకివ్వండి' అని ఒక ప్లకార్డు నేలమీద పడి ఉంటుంది. దాన్ని పట్టుకునే తర్వాతివాళ్లు కథ అల్లారు. ఆ కథకే మన దగ్గర టికెట్ అమ్ముతున్నారు.

తలుపు ఎందుకు తెరుచుకోలేదో తేలడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. మే 20న దిగాల్సినవాణ్ని మే 9న దిగాను. తేడా 11. అదే 11 సెప్టెంబర్ 8 నుంచి తీసేస్తే ఆగస్టు 28. శుక్రవారం. ఆ రోజు నేను ఒక వర్తకుడి దగ్గర కూర్చుని, 12 పెన్నీలకు షిల్లింగు, 20 షిల్లింగులకు పౌండు అని బిల్లుల్లో తప్పులు వెతుకుతున్నాను. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. వాళ్ల రికార్డులో నేను 'నో షో'.

అప్పటినుంచి నా అబద్ధం నిజమైంది. నిజంగానే ఓడ తప్పిపోయినవాణ్ని, వచ్చే ఓడ కోసం చూస్తున్నవాణ్ని.

చిన్నక్షరాల్లో డిసెంబర్ 20న ఒక రిజర్వు తలుపు ఉంది. అప్పటికి ఇంగ్లండ్ లెక్కా యంత్రం లెక్కా కలిసిపోయాయి కాబట్టి తప్పడానికి వీల్లేకపోయింది. మొత్తం 214 రోజులు. ఆ తలుపుకు నా దగ్గర అదనపు ఛార్జీ వసూలు చేశారు. రీఫండ్ అడిగితే వచ్చిన జవాబు: 'కస్టమర్ నిర్ణీత సమయానికి హాజరు కాలేదు, తేదీలు కొత్త క్యాలెండర్ ప్రకారమని 41వ క్లాజులో ఉంది.' చూశాను, ఉంది. పోస్టల్ స్టాంపు వెనక రాసినంత సైజులో.

కొనక తప్పదు అనుకునేవాళ్లు తేదీతో పాటు ఖగోళ శాస్త్రవేత్తలు వాడే జూలియన్ రోజు సంఖ్య కూడా కాంట్రాక్టులో రాయించుకోండి. అది ఏ రాజు మారినా, ఏ పోపు మారినా ఒకటొకటిగా పెరుగుతూనే ఉంటుంది. లండన్‌లో సెప్టెంబర్ 2 అంటే 2361221, సెప్టెంబర్ 14 అంటే 2361222. రాయం అంటే లేచి వచ్చేయండి. ఇదే సంస్థ '1751 ఫిబ్రవరి లండన్' కూడా అమ్ముతోంది. ఇంగ్లండ్ చట్టం లెక్కలో 1751 మార్చి 25న మొదలై డిసెంబర్ 31న అయిపోయింది, 282 రోజులే, అందులో ఫిబ్రవరి లేదు. రష్యా అక్టోబర్ విప్లవం ప్యాకేజీ చూస్తున్నవాళ్లు, నవంబర్ 7నే దింపుతారా అని అడగండి, అక్కడి పాత లెక్కలో అక్టోబర్ 25 అంటే కొత్త లెక్కలో అదే. స్వీడన్ 1712 వాళ్లకైతే ఫిబ్రవరి 30న తిరుగు ప్రయాణం ఇస్తే భయపడకండి, అక్కడ ఆ రోజు నిజంగానే ఉంది.

ఇంకొక్క విషయం. నేను బయల్దేరేనాటికి పెద్దావిడకు రెండు వారాల అద్దె బాకీ, నాలుగు షిల్లింగులు. వర్తకుడు డబ్బు శనివారం ఇస్తానన్నాడు, తలుపు బుధవారం తెరుచుకుంది. ఆవిడ దృష్టిలో నేను చెప్పకుండా పారిపోయినవాణ్నే. రీఫండ్ వదిలేస్తాను, తర్వాతి ప్రయాణికుడి చేత ఆ నాలుగు షిల్లింగులు పంపండి అని సంస్థను అడిగాను. పార్సిల్ ఛార్జీ కొటేషన్ పంపారు. కాబట్టి ఆ ఏడాది డిసెంబర్ 20 తర్వాత అటు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి. వంతెన దిగి సదర్క్ వైపు ఎడమకు తిరిగితే మూడు పావురాల బోర్డు, దాని పక్క సందు, రెండో గుమ్మం. ఓడ దొరికిందని చెప్పండి. నాణేలు అరిగినవే ఇవ్వండి.