నెట్‌యాప్ ఆన్‌టాప్ టేకోవర్, గివ్‌బ్యాక్: మెయింటెనెన్స్ రోజు ఎంతవరకు నమ్మొచ్చు?

నెట్‌యాప్ స్టోరేజ్‌లో డిస్కులను నడిపే జత కంట్రోలర్లలో ఒకదాన్ని ఆపి కార్డు మార్చాలంటే, దాని డిస్కులు పక్క కంట్రోలర్ చేతికి వెళ్లాలి. ఇది టేకోవర్; పని అయ్యాక తిరిగి ఇవ్వడం గివ్‌బ్యాక్. ఆ స్టోరేజ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఆన్‌టాప్ ఈ పని చాలా బాగా చేస్తుంది. డేటా కాపీ అవదు. డిస్కులుండే షెల్ఫ్‌ల కేబుళ్లు రెండు కంట్రోలర్లకూ వెళ్తాయి కాబట్టి ఓనర్‌షిప్ ఒక్కటే మారుతుంది. 8.2 వెర్షన్ నుంచి ప్లాన్డ్ టేకోవర్‌లో డేటా అగ్రిగేట్లు (డిస్కుల గుంపులు) ఒక్కొక్కటిగా ముందు వెళ్తాయి, కంట్రోలర్ సొంత సిస్టమ్ ఫైళ్లుండే రూట్ అగ్రిగేట్ చివర్లో వెళ్తుంది. క్లయింట్లకు అంతరాయం తగ్గడానికి కారణం ఈ వరసే.

లోపం ఎక్కడంటే, 'స్టోరేజ్ ఫెయిలోవర్ షో' కొట్టగానే టేకోవర్ పాజిబుల్ 'ట్రూ' అంటుంది. అది కంట్రోలర్ల వరకే నిజం. సర్వర్ల సంగతి దానికి తెలియదు. ఏఎస్‌ఏ మోడళ్లు తప్ప మిగతా నెట్‌యాప్ స్టోరేజ్‌లో, సర్వర్లు డిస్కుల్లా వాడే ఎఫ్‌సీ, ఐస్కజీ లిఫ్‌లు (స్టోరేజ్ నెట్‌వర్క్ చిరునామాలు) టేకోవర్‌లో పక్క నోడ్‌కు, అంటే పక్క కంట్రోలర్‌కు, మారవు; దారి మార్చుకోవాల్సింది హోస్టే (సర్వరే). లినక్స్ సర్వర్‌లో 'మల్టీపాత్ -ఎల్‌ఎల్' కొట్టి చూడండి. ప్రయారిటీ 50 గ్రూపు (లన్ ఉన్న నోడ్‌కు దారులు; లన్ అంటే సర్వర్‌కు స్టోరేజ్ ఇచ్చిన డిస్కు) కింద ప్రయారిటీ 10 గ్రూపు (పక్క నోడ్‌కు దారులు) కూడా కనబడాలి. 50 ఒక్కటే ఉంటే ఆ సర్వర్‌కు రెండో నోడ్‌కు దారి లేనట్టే, టేకోవర్‌లో లన్ అందకుండా పోతుంది. ప్రతి హోస్టులోనూ చూడాల్సిందే.

సీపీయూ లెక్క కూడా అంతే ముఖ్యం. టేకోవర్‌లో ఒకే నోడ్ రెండింటి పనీ మోయాలి కాబట్టి ఒక్కో నోడ్ 50 శాతం లోపు ఉండాలి. రెండూ 70లో నడుస్తుంటే స్టోరేజ్ ఆగదు గానీ లేటెన్సీ (జవాబు రావడంలో ఆలస్యం) పెరిగి అప్లికేషన్లు టైమౌట్ అవుతాయి. వాడేవాళ్లకు అదీ డౌన్‌టైమే.

పనిచేస్తూ ఉండే నోడ్ కన్సోల్ నుంచి ఆటో గివ్‌బ్యాక్‌ను 'ఫాల్స్' చేయండి. లేదంటే కార్డు పరీక్షకని బూట్ చేసిన నోడ్‌కు మీరు అడక్కుండానే డిస్కులు తిరిగి వెళ్లిపోవచ్చు. తర్వాత టేకోవర్.

గివ్‌బ్యాక్‌కు నోడ్ 'వెయిటింగ్ ఫర్ గివ్‌బ్యాక్' దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. రూట్ ముందు వెళ్తుంది, డేటా అగ్రిగేట్లు తర్వాత. వీటో పడితే, అంటే ఏదైనా గివ్‌బ్యాక్‌ను ఆపితే, 'షో-గివ్‌బ్యాక్' చూస్తే ఎవరు అడ్డుపడ్డారో తెలుస్తుంది. చాలాసార్లు అది తెరిచి ఉన్న ఎస్‌ఎంబీ (విండోస్ షేరింగ్) ఫైళ్ల వల్లే. అడ్డును పట్టించుకోకుండా ముందుకెళ్లే ఓవర్‌రైడ్ వీటోస్ జోలికి వెళ్లకుండా ఫైళ్లు మూయించండి. కంటిన్యువస్లీ అవైలబుల్ ఆప్షన్ పెట్టని ఎస్‌ఎంబీ షేర్లలో సెషన్లు ఎలాగూ తెగుతాయి, ముందే చెప్పి ఉంచాలి.

ఒక్క అగ్రిగేటే మార్చాలంటే అగ్రిగేట్ రీలొకేషన్ చాలు, రూట్‌కు మాత్రం పనికిరాదు. ఆ అగ్రిగేట్‌తో పాటు లిఫ్ వెళ్లదు, మీరే మార్చాలి. అప్పటిదాకా ట్రాఫిక్ క్లస్టర్ ఇంటర్‌కనెక్ట్ మీదుగా చుట్టూ తిరుగుతుంది. గివ్‌బ్యాక్ తర్వాత కూడా 'నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ షో -ఈజ్-హోమ్ ఫాల్స్' ఖాళీగా వచ్చేదాకా లిఫ్‌లను వాటి సొంత చోటికి రివర్ట్ చేసి, ఆపేసిన ఆటో గివ్‌బ్యాక్‌ను మళ్లీ పెట్టాలి.