రెండు స్క్రూలు విప్పితే తెరుచుకునే పెట్టె: మా కంప్యూటర్‌తో పన్నెండేళ్లు

మా సీపీయూ వెనక, కుడి అంచున, చేత్తో తిప్పగలిగే స్క్రూలు రెండు ఉన్నాయి. వాటిని విప్పి పక్క రేకును రెండు వేళ్ల మేర వెనక్కి జరిపితే ఊడి చేతిలోకి వస్తుంది. 2014లో తిరుపతిలో విడిభాగాలు చెప్పి కట్టించుకున్న ఈ కంప్యూటర్ ఇంకా మా ఇంట్లో ఉందంటే కారణం ఆ రెండు స్క్రూలే. దీని వేగం గురించి, తెర గురించి నేను రాయను. నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్ అంటే ఏమిటో తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లకు ఇప్పుడు తెలుసుకుని పని లేదు.

రేకు లోపలి వైపు స్కెచ్ పెన్నుతో తేదీలు రాసుకోవడం నాకు అలవాటు. ఇంట్లో గ్యాస్ బండ మార్చిన తేదీ క్యాలెండర్ మీద రాసుకున్నట్టే. 2017, ర్యామ్ ఇంకో 4 జీబీ. 2020 జనవరి, ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచే కొత్త రకం డ్రైవు. 2023 ఆగస్టు, బిళ్ళ. ఆ మూడో మాట వెనక ఉన్న కథ చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను ఇంట్లో డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కూర్చే పని, చేస్తాను. మా ఇల్లు బాలాజీ కాలనీలో. యూనివర్సిటీ పక్కనే కాబట్టి తెలుగు, సంస్కృత విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు ఎక్కువగా వస్తాయి. పాతవన్నీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో కూర్చినవి. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే తెలుగు అక్షరాల బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోనే అడుగుతున్నారు, నేనూ అలాగే చేస్తున్నాను. కానీ పదేళ్ల కిందట పట్టా తీసుకున్నవాళ్లు, గ్రంథాన్ని పుస్తకంగా వేసుకుంటామని ఇప్పుడు వస్తారు. వాళ్ల ఫైళ్లు కుదురుగా తెరుచుకునేది ఈ పెట్టెలోనే.

2020 జనవరి 14తో విండోస్ 7కు భద్రతా సవరణలు ఆగిపోయాయి. సంక్రాంతి పండుగ రోజుల్లో ఇంట్లో ఇదే చర్చ. కొత్తది కొందామా, దీన్నే సాగదీద్దామా? రెండున్నర వేలు పెట్టి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ 10 ఎక్కించుకున్నాం. అంతకుముందు స్విచ్ నొక్కి, పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చినా తెర ఇంకా తేరుకునేది కాదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం మీద ఒక ముల్లు అటూ ఇటూ పరిగెత్తి ఒక్కొక్క ముక్కా ఏరుకురావాలి మరి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. కుర్చీ లాక్కుని కూర్చునేలోగా సిద్ధంగా ఉండేది. ఆ రోజుల్లో ఎవరు కనిపించినా ఎస్‌ఎస్‌డీ వేయించుకోండని చెప్పేదాన్ని. పాత హార్డ్ డిస్కును మాత్రం తీసేయలేదు. అందులోని విండోస్ తుడిచేసి, పాత ఫైళ్లు దాచుకోవడానికి లోపలే ఉంచాం. తరువాత నన్ను తిప్పలు పెట్టింది అదే.

2023 జూలై చివర్లో మొదలైంది. పొద్దున కంప్యూటర్ పెట్టగానే మూలన గడియారం గంటో రెండు గంటలో వెనకబడి ఉండేది. నేనే సరిచేసేదాన్ని. పగలంతా బాగానే ఉండేది, ఎన్నిసార్లు ఆపి పెట్టినా తప్పు చూపించేది కాదు. మర్నాడు పొద్దున మళ్లీ వెనకే. గోడ గడియారానికి కీ ఇచ్చినట్టు అదీ ఒక పని అనుకుని రెండు వారాలు నెట్టుకొచ్చాను.

ఒక శనివారం పొద్దున స్విచ్ నొక్కితే నల్లటి తెర, దాని మీద తెల్లని ఇంగ్లిషు అక్షరాలు. సరైన బూట్ పరికరాన్ని, అంటే విండోస్ ఉన్న డ్రైవును, ఎంచుకోమని దాని సారాంశం. ఎన్నిసార్లు ఆపి పెట్టినా అదే. సోమవారం ఒక విద్యార్థి గ్రంథం సమర్పించాలి. మూడు వందల పేజీలు. చివరి దిద్దుబాట్లన్నీ ఎస్‌ఎస్‌డీలోనే ఉన్నాయి, వేరే నకలు లేదు. నకలు తీసుకోకపోవడం నా తప్పే. ఆ క్షణంలో నా చేతులు చల్లబడ్డాయి.

సీపీయూను పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఊళ్లో ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడ దాన్ని బల్ల మీద పెట్టి, తీగలు తగిలించి, తెర మీది ఆ వాక్యం చూశారు. రేకు విప్పలేదు. ఎస్‌ఎస్‌డీ పోయిందమ్మా, మదర్‌బోర్డు కూడా పాతబడింది, దీని మీద డబ్బు పెట్టడం దండగ అన్నారు. ఎక్స్చేంజిలో దీనికీ మానిటర్‌కీ కలిపి 1,500 ఇస్తారట, కొత్తది 42 వేలట. నేను నిజంగానే బయానా ఇవ్వబోయాను. పర్సు తెరిచి రెండు వేలు బయటికి తీశాను కూడా. ఫైళ్లు బయటికి తీయగలరా అని అడిగితే, పోయిన డ్రైవులోంచి రావు, పెద్ద ఊళ్లకు పంపితే రావచ్చు, ఖర్చవుతుంది అన్నారు. దాంతో డబ్బు లోపల పెట్టుకుని, పెట్టెను మళ్లీ దుప్పట్లో చుట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

సాయంత్రం ఆ విద్యార్థి వచ్చాడు. విషయం చెప్పడానికి నాకు నోరు రాలేదు. అతను మాత్రం కంగారు పడకుండా స్విచ్ నొక్కి, డిలీట్ మీట నొక్కుతూ, విండోస్ కన్నా ముందు వచ్చే సెటప్ తెరలోకి వెళ్లాడు. కాసేపు చూసి, "అక్కా, రెండు డ్రైవులూ పేర్లతో సహా కనిపిస్తున్నాయి. నిజంగా పోయి ఉంటే పేరు రావడమే కష్టం" అన్నాడు. బూట్ వరుసలో పాత హార్డ్ డిస్కు మొదట ఉంది. యంత్రం విండోస్ కోసం అందులో వెతుక్కుంటోంది, అక్కడ మేమే తుడిచేశాం కదా. అతను ఎస్‌ఎస్‌డీని పైకి తెచ్చి, ఆ మార్పు నిలవడానికి ఎఫ్10 నొక్కాడు. విండోస్ వచ్చింది. డెస్క్‌టాప్ మీద గ్రంథం ఫోల్డరు ఎక్కడిదక్కడే ఉంది. నేను లేచి వంటింట్లోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను.

"ఈ వరుస ఎవరైనా మార్చారా?" అని అడిగాడు. ఎవరు మారుస్తారు, నాకు ఆ తెర ఉన్నదనే తెలియదు. అప్పుడు అతను మూలన తేదీ చూపించాడు. 2014 జనవరి 1. రెండు వారాలుగా గడియారం వెనకబడుతున్న సంగతి అప్పుడు చెప్పాను. దుకాణంలో చెప్పలేదు. గడియారానికీ దీనికీ సంబంధం ఉంటుందని నేను అనుకోలేదు, వాళ్లూ అడగలేదు.

ఆ రెండు స్క్రూలు విప్పాడు. ఫోను టార్చి వేసి చూపిస్తే, బోర్డు మీద దుమ్ము కింద రూపాయి బిళ్ళంత మెరిసే సెల్లు ఒకటి ఉంది. కరెంటు లేనప్పుడు తేదీని, సెటప్‌లో మనం పెట్టుకున్న ఎంపికలను నిలిపి ఉంచేది అదే. మూడు వోల్టులది. సీపీయూకు గోడ దగ్గర కరెంటు అందుతున్నంతసేపూ దాని మీద భారం పడదు, యంత్రం ఆపి ఉంచినా సరే. కరెంటు పూర్తిగా తెగినప్పుడే అది పని చేయాలి. మా అత్తయ్యకు పిడుగుల భయం. తొమ్మిదేళ్లుగా ప్రతి రాత్రీ గోడ స్విచ్ ఆపనిదే ఆవిడ పడుకోదు. పగలు గడియారం సరిగ్గా ఉండి పొద్దునకల్లా వెనకబడడానికి కారణం అది. ఓపిక సన్నగిల్లుతూ వచ్చిన సెల్లు ఆ శుక్రవారం రాత్రి పూర్తిగా కొడిగట్టింది. బోర్డు తన ఎంపికలన్నీ మరిచిపోయి కొత్తగా కొన్ననాటి వరుసకు వెళ్లిపోయింది.

సెల్లు మీద సన్నని అక్షరాలతో సీఆర్ 2032 అని ఉంది. రాత్రి తొమ్మిది దాటింది, దుకాణాలు మూస్తున్నారు. అతను చుట్టూ చూసి, అత్తయ్య మంచం పక్కనున్న షుగర్ మిషన్ తీసుకుని వెనక మూత తెరిచాడు. అందులోనూ సీఆర్ 2032! అత్తయ్య లేచి కూర్చుని, "పొద్దున ఆరున్నరకు నా బిళ్ళ నాకు కావాలి నాయనా" అంది. అతను బోర్డు మీద చిన్న ఇనుప నాలుకను గోటితో పక్కకు నొక్కితే పాత సెల్లు టప్పున పైకి ఎగిరింది. కొత్తది పెట్టి, తేదీ సరిచేసి, వరుస సరిచేశాడు. గోడ స్విచ్ ఆపి, పది నిమిషాలు కూర్చుని, మళ్లీ పెట్టి చూశాం. తేదీ నిలిచింది. ఆ రాత్రే గ్రంథం పెన్‌డ్రైవులోకి, అతని మెయిల్లోకి ఎక్కించేశాం. పొద్దున ఆరింటికే ఆ బిళ్ళ తీసి అత్తయ్య మిషన్‌లో పెట్టేశాను. పది గంటలకు గడియారాల దుకాణం తెరిచాక నలభై రూపాయలకు కొత్తది తెచ్చుకున్నాను. సోమవారం గ్రంథం వెళ్లింది.

నలభై రూపాయల బిళ్ళ కోసం నేను 42 వేల బేరానికి సిద్ధపడ్డాను. పైగా 1,500కు ఇచ్చేసే ఆ పెట్టెలో డ్రైవులు రెండూ ఉండేవి. అందులో నావి కాని గ్రంథాలు, నలుగురు విద్యార్థుల ధ్రువపత్రాల నకళ్లు ఉన్నాయి. ఫైళ్లు తొలగించినా, క్విక్ ఫార్మాట్ చేసినా, పళ్లేల హార్డ్ డిస్కులోంచి తెలిసినవాళ్లు చాలావరకు తిరిగి తీయగలరు. కంప్యూటర్‌ను మార్పిడికి ఇచ్చేవాళ్లు డ్రైవులు విప్పుకుని ఇవ్వండి. ధర రెండు మూడు వందలు తగ్గించినా పరవాలేదు.

అయితే ఆ రెండు స్క్రూలను మొదట్లో పొగిడినంతగా ఇప్పుడు పొగడలేను. పెట్టె తెరుచుకుంటుంది, నిజమే. తెరిచాక లోపల పెట్టడానికి వస్తువు దొరకాలి కదా. 2024లో బోర్డు మీద ర్యామ్ పెట్టే గాడి ఒకటి చచ్చిపోయింది. మిగిలిన గాడికి పట్టే డీడీఆర్3 రకం ర్యామ్ ఎవరో వాడి తీసేసినదే దొరికింది. రెండో గాడి కూడా పోతే బోర్డే మార్చుకోవాలి. ఎస్‌ఎస్‌డీ తెచ్చిన చురుకు కూడా ఫైళ్లు తెరవడం వరకే. బ్రౌజరులో ఏడెనిమిది పేజీలు పెట్టుకుని వీడియో కాల్ మాట్లాడితే ఫ్యాను రొద అవతలివాళ్లకు వినిపిస్తోంది.

ఇక విండోస్ 11 దీనిలోకి రాదు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉన్నవాటికే అని మైక్రోసాఫ్ట్ పెట్టిన నిబంధన. విండోస్ 10కు మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇళ్లలో వాడేవాళ్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా భద్రతా సవరణలు వస్తాయి, నేను చేసుకున్నాను. ఆ తరువాత దీన్ని నెట్‌కు తగిలించడం నాకు ఇష్టం లేదు. బ్యాంకు పనులు ఇప్పటికే ఫోనులోకి మార్చుకున్నాను. కంప్యూటర్‌లోనే బ్యాంకు, పన్నులు, దుకాణం లెక్కలు చూసుకునేవాళ్లయితే నాలాగా ఆగవద్దు.

నేను ఇంకా ఎందుకు కొనలేదంటే, అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఇంజినీరింగులో ఏ శాఖ వస్తుందో తేలితే దానికి తగిన ల్యాప్‌టాప్ కొనాలి, రెండు కొనే స్తోమత మాకు లేదు. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా కేంద్రాలు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతుండడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కూడా. సీటు తేలేదాకా ఆగితే నష్టం లేదనిపిస్తోంది. కొన్నా దీన్ని ఎక్స్చేంజికి ఇవ్వను. నెట్ తీగ పీకేసి పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం ఇక్కడే ఉంచుతాను. పాత ఫైళ్లు అక్కరలేనివాళ్లకు ఈ బాధ లేదు, వాళ్ల లెక్క వేరు.

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మాత్రం అడగవలసిన ప్రశ్న రాసిపెట్టుకున్నాను. కింది మూత స్క్రూలతో తెరుచుకుంటుందా, ర్యామ్ మార్చుకునేలా ఉంటుందా, బోర్డుకే అతికించి ఉంటుందా? పోయిన నెల రెండు దుకాణాల్లో అడిగాను. ఒకరు కంపెనీ కాగితం చూసి చెప్పారు. ఇంకొకరు మూత తీసి చూపించారు. ఆ రెండో చోటు చీటీ ఫ్రిజ్ మీద అంటించి ఉంది.