బేస్‌బాల్ కార్డులు కొనే అమ్మానాన్నలూ జాగ్రత్త, నేను 640 డాలర్లకి మునిగాను

డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగు పిల్లలు చాలామందికి ఇప్పుడు ఈ బేస్‌బాల్ కార్డుల (ప్లేయర్ల ఫొటోలు అచ్చేసిన కార్డులు) పిచ్చి పట్టుకుంది, వాళ్ళ వెనక పర్సు పట్టుకుని తిరిగేది మనమే కాబట్టి ఇది రాస్తున్నా. రెండు వారాల కిందట ఒక కార్డ్ షోలో క్యాష్‌గా 640 డాలర్లు పోసి ఒక కార్డు కొన్నా, ఇంటికొచ్చే దారిలో తెలిసింది అది అమ్మినతను చెప్పిన కార్డే కాదని. అమ్మినతని పేరు ఇక్కడ పెట్టను. ప్లేయర్ పేరు కూడా పెట్టను, పాపం ఆ కుర్రాడి ఆట ఆ కుర్రాడు ఆడుకుంటున్నాడు, మధ్యలో అతనేం చేశాడు.

మావాడికి పన్నెండేళ్ళు. ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ మ్యాచ్‌కి తీసుకెళ్తే అక్కడి లేజీ రివర్‌లో తేలుతూ కూడా బ్యాటింగ్‌కి ఎవడొచ్చాడో మెడ తిప్పి చూస్తుంటాడు. రఫ్‌రైడర్స్ అంటే మేజర్ లీగ్ టీమ్ టెక్సాస్ రేంజర్స్ కింద ఉండే డబుల్-ఏ టీమ్, దాని పైన ట్రిపుల్-ఏ, ఆ పైన మేజర్ లీగ్. ఈ మెట్లు ఎక్కుతున్న కుర్రాళ్ళనే ప్రాస్పెక్ట్‌లు అంటారు, వీళ్ళు పైకి ఎక్కకముందే కార్డులు కొని దాచుకోవడమే ఈ ఆట మొత్తం. మనకి తెలిసిన పనే లెండి, రీజినల్ రింగ్ రోడ్డు పక్కనే సార్ అని చెప్పి వెంచర్‌లో ప్లాటు అంటగడతారు చూడండి, బ్రోచర్‌లో క్లబ్ హౌసు ఉంటుంది, వెళ్ళి చూస్తే పత్తి చేను.

సరే అసలు సంగతి. మావాడు రెండేళ్ళుగా ఫాలో అవుతున్న ఒక ప్రాస్పెక్ట్‌ని ఆ వారమే మేజర్ లీగ్‌కి పిలిచారు, వచ్చిన రెండో రోజే హోమ్ రన్ (మన క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టాడు, ఇంక చూడాలి ఆ శనివారం షోలో, ఏ టేబుల్ దగ్గరికెళ్ళినా అదే పేరు. ఒకతను అద్దాల పెట్టెలోంచి మందపాటి మాగ్నెట్ కేసులో ఉన్న కార్డు తీసి నా చేతిలో పెట్టి, బ్లూ రిఫ్రాక్టర్, ఫస్ట్ బౌమన్, రూకీ, 150 మాత్రమే అచ్చేశారు అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు (ఈ మాటలకి అర్థం కింద చెప్తా). ఫోన్ తీసి ఈబేలో 1,100, 1,250 అని రేట్లు చూపించాడు. మీరు తండ్రీకొడుకులు కలిసొచ్చారు కాబట్టి 700 అన్నాడు, నేను బేరమాడి 640కి దించాను. దించానని ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. మావాడు అప్పుడు పక్క టేబుల్ దగ్గర డాలర్ కార్డుల డబ్బా తవ్వుతున్నాడు, వాణ్ణి సర్‌ప్రైజ్ చేద్దామని పిలవలేదు. అదే నేను చేసిన పెద్ద తప్పు.

కార్లో వాడి చేతికిచ్చాను. ముందు మొహం వెలిగింది. తర్వాత కార్డుని కిటికీ దగ్గర ఎండలో అటూ ఇటూ వంచి చూశాడు, కేసు తెరిచి వెనక్కి తిప్పాడు, ఏం మాట్లాడడు. ఏంట్రా అంటే, "నాన్నా, వెనక బీపీ అని ఉంది" అన్నాడు మెల్లగా. వాడు చెప్పింది అర్థమయ్యేసరికి నాకు నిజంగానే బీపీ వచ్చింది.

అదేంటో చెప్తాను, కొనేవాళ్ళు ఇది ఒక్కటి పట్టుకుంటే చాలు. ప్రాస్పెక్ట్ కార్డుల్లో అందరూ వెతికేది టాప్స్ కంపెనీ వేసే బౌమన్. అందులో ఒకే ప్యాకెట్‌లో ఒకే డిజైన్‌తో రెండు రకాలు వస్తాయి, మామూలు పేపర్ కార్డు, మెరిసే క్రోమ్ కార్డు. బౌమన్ సెట్‌లో పేపర్ ప్రాస్పెక్ట్ అయితే వెనక నంబరు ముందు బీపీ అని ఉంటుంది, క్రోమ్ అయితే బీసీపీ. (బౌమన్ డ్రాఫ్ట్ సెట్ వేరు, అక్కడ బీడీ, బీడీసీ.) నీలం అంచు, 150 నంబరు రెండు రకాల్లోనూ ఉంటాయి కాబట్టి అమ్మినతను నంబరు గురించి అబద్ధం చెప్పలేదు. కానీ రిఫ్రాక్టర్ అంటే క్రోమ్‌లోనే, లైటు కింద వంచితే ఇంద్రధనస్సులా రంగులు పారాలి. మందపాటి కేసులో పెట్టి పైన ఎల్ఈడీ లైటు కొడితే పెళ్ళి శుభలేఖ కూడా మెరుస్తుంది మరి.

రెండోది, ఫస్ట్ ముద్ర. ఒక కుర్రాడు బౌమన్‌లో మొదటిసారి వచ్చినప్పుడు ఆ కార్డు ముందు వైపు ఒకటి అంకెతో ఫస్ట్ అనే చిన్న ముద్ర ఉంటుంది. తర్వాతి ఏడాది అదే కుర్రాడు మళ్ళీ సెట్‌లో ఉంటాడు, ఫొటో ఇంకా బాగుంటుంది కూడా, కానీ ముద్ర ఉండదు, రేటు పాతాళంలో ఉంటుంది. నాది ఆ రెండో ఏడాది కార్డు. ఇక రూకీ (మేజర్ లీగ్‌కి కొత్తగా వచ్చినవాడు) అనే మాట ఆ టేబుళ్ళ మీద ఉప్పులా చల్లుతారు. 2006 నుంచి ఆర్‌సీ అనే రూకీ ముద్ర మేజర్ లీగ్‌లో ఆడినవాళ్ళ కార్డుల మీదే వేస్తున్నారు, కాబట్టి మైనర్స్‌లో, అంటే కింది మెట్ల లీగుల్లో, ఉండగా వచ్చిన కార్డుని రూకీ అని అమ్మితే అక్కడే అనుమానపడాలి.

ఇక ఈబేలో చూపించిన రేట్లు. అవి అమ్మేవాళ్ళు పెట్టుకున్న ఆశలు, ఎవడూ కొనలేదు. మా ఇంటి పాత సోఫాకి నేను పదివేల డాలర్లు రాసుకుంటే అది దాని ధర అయిపోతుందా. ఫిల్టర్‌లో సోల్డ్ అని నొక్కితే నిజంగా ఎంతకి పోయాయో కనిపిస్తుంది, అది కూడా మీ ఫోన్లో మీరే నొక్కాలి, ఎదుటివాడి ఫోన్లో చూడకూడదు. నేను కార్లో నొక్కి చూశా, సరిగ్గా నా కార్డు లాంటివి 35కి, 42కి పోయాయి.

బండి తిప్పుకుని వెనక్కెళ్ళాను. అతను ఏమాత్రం తడబడకుండా, నేను క్రోమ్ అని అనలేదే అన్నాడు. నిజమే, ఆ మాట అనలేదు, రిఫ్రాక్టర్ అన్నాడు. క్యాష్ ఇచ్చాను, రసీదు లేదు. కావాలంటే 60కి తిరిగి తీసుకుంటా అన్నాడు చూడండి, అక్కడ మా ఆవిడ ఉండుంటే కథ వేరేగా ఉండేది. పేపాల్‌లో గూడ్స్ అండ్ సర్వీసెస్ కింద కట్టి ఉంటే కనీసం కంప్లయింట్ పెట్టే దారి ఉండేది. కొంచెం ఫీజు పడుతుందని ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీలో పంపమంటారు, జెల్ (Zelle) యాప్‌లో చేయమంటారు, వద్దు, వాళ్ళు మన ఫ్రెండ్సూ కాదు ఫ్యామిలీ కాదు.

ఇంకో మాట, నాకు సరైన కార్డే వచ్చి ఉన్నా ఆ శనివారం కొనడం తెలివితక్కువే. ప్రతి టేబుల్ దగ్గరా పెద్ద స్టార్ మైక్ ట్రౌట్ పురాణం చెప్తారు, 2009 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేది) 25వ వాడిగా వెళ్ళాడు, ఒకే ఒక్కటి అచ్చేసిన అతని సంతకం కార్డు 2020లో 39 లక్షల డాలర్లకి పైగా పోయింది అని. నిజమే. కానీ బ్రియన్ టేలర్ కథ ఎవడూ చెప్పడు, 1991లో న్యూయార్క్ టీమ్ యాంకీస్ అందరికంటే ముందు తీసుకుని 15.5 లక్షల డాలర్లు ఇచ్చారు, 1993 చివర్లో ఒక గొడవలో భుజం పోయింది, మేజర్ లీగ్ మొహమే చూడలేదు. 2013లో మొదటి పిక్ మార్క్ అపెల్ మేజర్స్‌కి చేరేసరికి 2022, అప్పటికి ముప్పై ఏళ్ళు. పిచ్చర్ (బంతి విసిరేవాడు) స్ట్రాస్‌బర్గ్ 2010 జూన్‌లో మొదటి మ్యాచ్‌లో 14 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి తగలనివ్వకుండా అవుట్ చేశాడు, సెప్టెంబర్‌కి మోచేతికి టామీ జాన్ అనే లిగమెంట్ ఆపరేషన్. జాసన్ డొమింగెజ్‌కి పదహారేళ్ళకే యాంకీస్ 51 లక్షల డాలర్లిచ్చారు, 2020 బౌమన్‌లో అతని ఫస్ట్ కార్డుకోసం జనం కొట్టుకున్నారు, 2023 సెప్టెంబర్ 1న మొదటి బ్యాటింగ్‌లోనే పేరుమోసిన పిచ్చర్ వెర్లాండర్ బంతిని హోమ్ రన్ కొట్టాడు, ఎనిమిది మ్యాచ్‌లు ఆడాక అతనికీ అదే ఆపరేషన్. వాళ్ళ మోచేతుల మీద మనం పిల్లల కాలేజీ డబ్బులు పెడుతున్నామన్నమాట. మేజర్స్‌కి పిలిచిన వారం ఈ సరుకు గురించి బాగా తెలిసినవాళ్ళు కొనరట, అమ్ముకుంటారట, ఇది కూడా మావాడే చెప్పాడు, డబ్బులు పోయాక.

మీరు వెళ్తే పిల్లాణ్ణి పక్కనే పెట్టుకుని వెళ్ళండి, కేసు తెరవనివ్వనివాడి దగ్గర కొనకండి, వెనక అక్షరాలు ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. ఆ కార్డు నేను 60కి ఇవ్వలేదు, మావాడు అడిగి తీసుకుని తన బైండర్‌లో మొదటి పేజీలో పెట్టుకున్నాడు. ఫ్రెండ్స్ వస్తే మిగతావన్నీ ప్లేయర్ల పేర్లతో చూపిస్తాడు, దీన్ని మాత్రం "ఇది మా నాన్న కార్డు" అంటాడు.