మిన్నెసోటా చలికాలంలో బండి: ఐదేళ్లుగా వాడుతున్న బ్యాటరీ మెయింటెయినర్

మేముండేది మినియాపోలిస్ పక్క ఊళ్లో. నవంబరు మొదట్లో బండి గరాజ్‌లో పెడితే మళ్లీ బయటికి తీసేది ఏప్రిల్‌లోనే. మంచు కరిగినంత మాత్రాన చాలదు, రోడ్ల మీద చల్లిన ఉప్పుని ఒక గట్టి వాన కడిగేదాకా ఆగాలి. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. గుంటూరులో మా నాన్నగారి స్కూటర్ స్టార్ట్ కాకపోతే కాస్త పక్కకి వంచి కిక్ కొట్టేవారు, కదిలేది. నాకు తెలిసింది అంతే. మొదటి చలికాలం దుప్పటి కప్పి వదిలేశాను.

ఏప్రిల్‌లో తాళం తిప్పితే మీటర్ లైటు కూడా వెలగలేదు. మల్టీమీటర్ పెడితే 9 వోల్టులు కూడా లేవు, బ్యాటరీ పక్కలు ఉబ్బిపోయి ఉన్నాయి. ఫుల్ ఛార్జింగ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 30 డిగ్రీల్లో కూడా గడ్డకట్టదు. ఛార్జ్ దిగిపోతే లోపలి యాసిడ్ పల్చబడి దాదాపు నీళ్లలా అవుతుంది, సున్నాకి కొన్ని డిగ్రీలు కిందికి పోతే చాలు గడ్డకడుతుంది. నాది అలాగే పోయింది.

కొత్త బ్యాటరీతో పాటు ముప్పావు ఆంపియర్ మెయింటెయినర్ కొన్నాను. మామూలు ఛార్జర్ తీసేదాకా కరెంటు ఎక్కిస్తూనే ఉంటుంది. ఇది 14 వోల్టులు దాటేదాకా ఎక్కించి, తర్వాత 13 పైచిలుకు దగ్గర పట్టి ఉంచుతుంది. టెర్మినళ్లకి బిగించిన చిన్న వైరు శాశ్వతంగా బండికే ఉంటుంది, నవంబరులో దానికి ప్లగ్ తగిలిస్తే పని అయిపోయినట్టే. రాత్రి చెత్తబుట్ట బయట పెట్టడానికి గరాజ్‌లోకి వెళ్లినప్పుడు ఆ మూల ఛార్జ్ నిండిందని చెప్పే ఆకుపచ్చ లైటు కనబడితే నాకు ఎంత హాయిగా ఉంటుందో! ఐదు చలికాలాలూ అదే బ్యాటరీ. ఈ ఏప్రిల్‌లో ప్లగ్ తీసి ఒక రాత్రి ఆగి కొలిస్తే 12.7 ఉంది, రెండోసారి నొక్కగానే ఇంజిన్ అందుకుంది.

లోపాలూ ఉన్నాయి. వైరు పొట్టి, ఎక్స్‌టెన్షన్ లేకుండా గోడదాకా అందదు. కనెక్టర్ మూత ఎక్కడో పడిపోయి లోపల పచ్చగా చిలుము పట్టింది, ఒక ఏడాది ఎర్ర లైటు రోజుల తరబడి మారలేదు. బేకింగ్ సోడా నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి తోమాక సరైంది. లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లు దానికి తగినది విడిగా కొనుక్కోవాలి.

అయితే ఇది కాపాడేది బ్యాటరీని మాత్రమే. ఇక్కడ పెట్రోల్లో పది శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమని పీలుస్తుంది. అందుకే తేమ గాలికి చోటు లేకుండా ట్యాంక్ నిండా కొట్టించి, పెట్రోల్ పాడవకుండా చూసే స్టాబిల్ అనే మందు 45 మి.లీ. పోసి, అది ఇంజిన్లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లదాకా చేరేలా పది నిమిషాలు నడిపి వస్తాను. ఇంజిన్ ఆయిల్ కూడా బండి పెట్టే ముందే మారుస్తాను. పాత ఆయిల్లోని తేమ, ఆమ్లం ఐదు నెలలు బేరింగుల మీద కూర్చోకూడదు.

నేను అసలు ఊహించనిది ఎలుకల గొడవ. మూడో ఏడు ఇంజిన్ స్టార్టయింది కానీ ఊపిరాడనట్టు కొట్టుకుంది. ఎయిర్ ఫిల్టర్ తెరిస్తే నా దుప్పటి నూలుతోనే అల్లిన గూడు, దాని నిండా పొద్దుతిరుగుడు గింజల పొట్టు. పిట్టల కోసం పెరట్లో మేం వేలాడదీసిన గింజలే! ఫిల్టర్ పనికిరాకుండా పోయింది. అప్పటినుంచి రెండు సైలెన్సర్లలోనూ, గాలి లోపలికి వెళ్లే దారిలోనూ స్టీల్ ఉన్ని కుక్కుతున్నాను. తీయడం మరిచిపోకుండా హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డ కడతాను.

మధ్యలో నెలకోసారి స్టార్ట్ చేసి ఉంచమని చాలామంది చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. పది నిమిషాల ఐడ్లింగ్‌కి ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, సైలెన్సర్లో నీళ్లు మాత్రం చేరతాయి, ఆయిల్లోకి తేమ దిగుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటూ బండి దగ్గర ప్లగ్ లేనివాళ్లు బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకోండి. నెలకి ఒక రాత్రి ఇదే మెయింటెయినర్‌కి తగిలిస్తే చాలు. ఊడదీసేటప్పుడు ముందు మైనస్ వైరు తీయాలి, బిగించేటప్పుడు దాన్ని ఆఖర్న బిగించాలి.