ఏ కొల్లూరు సార్?

విజయవాడలో కారు మాట్లాడుకుంటూ "కొల్లూరు వెళ్ళాలి" అన్నాను. "తెనాలి మీదుగా వెళ్ళిపోదాం సార్" అన్నాడు డ్రైవరు. ఆ కొల్లూరు కాదు బాబూ అన్నాను. అతని తప్పేం లేదు. అదీ కృష్ణ ఒడ్డుదే, అదీ పాత గుంటూరు జిల్లాదే, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. నాకు కావలసింది వజ్రాల కొల్లూరు, పల్నాడులో బెల్లంకొండ వైపుది. "అదా! అది పులిచింతల్లో మునిగిపోయింది కద సార్. నీళ్ళు చూడ్డానికి వెళ్తారా?"

నీళ్ళు చూడ్డానికే వెళ్ళాను.

అసలు ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి రాతల్లో. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో గనులన్నీ తిరిగాడు. గోల్కొండకి తూర్పుగా ఏడు రోజుల ప్రయాణంలో ఒక వజ్రాల గని ఉందనీ, దాన్ని స్థానిక భాషలో 'గని' అనీ, పారశీకంలో 'కూలూర్' అనీ అంటారనీ రాసుకున్నాడు. తెలుగువాడికి ఇక్కడ నవ్వు ఆగదు. "ఇదేంటి?" అని అడిగుంటాడు, పక్కనున్నవాడు "గనండీ" అనుంటాడు. అది కాస్తా ఊరి పేరై పుస్తకంలో కూర్చుంది. పారశీకం అన్న కూలూర్ ఏమో చివర 'ఊరు'తో సహా మనది. 1889లో ఆ పుస్తకాన్ని ఇంగ్లీషు చేసిన వాలెంటైన్ బాల్ భూవిజ్ఞాని. 'గని' అంటే పారశీకంలో 'కాన్-ఇ', అంటే 'ఫలానా చోటి గని' అని ఆయన వివరణ. ఏ భాషదైనా కానీ, అది ఊరు కాదు. కూలూర్ కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరేననీ, తావెర్నియే చెప్పిన ఇంకో గని రావోల్కొండ కర్నూలు దగ్గరి రామళ్ళకోట అనీ గుర్తుపట్టింది కూడా బాలే. ఆ పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వెళ్ళేముందు చదవండి, లేకపోతే అక్కడ మీకు కనిపించేది ఒక చెరువంతే.

మొదటిరోజు పరిటాల. హైదరాబాద్ హైవే మీదే, విజయవాడ నుంచి ముప్పావుగంట. ఉత్తర సర్కారులు, అంటే ఇప్పటి కోస్తా జిల్లాలు, ఈస్టిండియా కుంపినీకి ఇచ్చినా, వజ్రాలున్నాయని పరిటాలని మాత్రం నిజాం వదులుకోలేదు. ఇప్పుడు పరిటాల అంటే 135 అడుగుల ఆంజనేయస్వామి, 2003లో నిలబెట్టారు. గుడి శుభ్రంగా ఉంది, పార్కింగుకి ఇబ్బంది లేదు. గని గురించి మాత్రం ఒక్క బోర్డు కూడా నాకు కనపడలేదు. ఫ్రాన్సులో లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రీజెంట్ వజ్రం, కోయకముందు 410 క్యారెట్లది, పరిటాలదని ఒక పుస్తకం అంటుంది, కొల్లూరుదని ఇంకోటి అంటుంది. రెండు గనులూ ఒకే నది పక్కన ఉంటే ఇంతే. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు టీకి ఆగితే చాలు, పరిటాల కోసమే ప్రత్యేకంగా రానక్కర్లేదు.

బస విజయవాడలో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో. ఏసీ గదే, కానీ రాత్రంతా హారన్లు, వేణ్ణీళ్ళు పొద్దున ఆరింటి నుంచి ఏడింటి దాకానే. రెండోరాత్రి సత్తెనపల్లిలో దిగాను. గది చిన్నది, అద్దె సగం, నిద్ర మాత్రం రెట్టింపు. బెల్లంకొండ వైపు వెళ్ళేవాళ్ళకి నా సలహా సత్తెనపల్లే. భోజనం కూడా అక్కడే నయం: గోంగూర పచ్చడి, పప్పుచారు, అడగకుండానే మళ్ళీ వడ్డించారు.

ఇక కొల్లూరు. కారు ఆగినచోట గట్టు కింద తుమ్మచెట్లు, అవతల కనుచూపు మేర నీళ్ళు, ఒక తెప్ప. అంతే. తావెర్నియే లెక్కన ఇక్కడే అరవైవేలమంది పనిచేశారు. మగవాళ్ళు తవ్వడం, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మొయ్యడం. పది, పన్నెండు, పద్నాలుగు అడుగులు తవ్వేసరికి నీరు పడేదిట. మట్టిని కడిగి, ఆరబెట్టి, మన కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టినట్టే చెరిగేవాళ్ళట. నీరు పడితే ఆగిపోయే గుంతల మీద ఇప్పుడు రిజర్వాయరు!

డ్రైవరు ఫోన్లో ఫొటో తీసుకుంటూ "కోహినూరు ఇక్కడిదే కద సార్" అన్నాడు. అక్కడే చిక్కుంది. చిరుధాన్యం చల్లడానికి నేల తవ్వుతుంటే ఒకడికి రాయి దొరికిందనీ, ఈ గని బయటపడి అప్పటికి సుమారు వందేళ్ళయిందనీ తావెర్నియే రాశాడు. అంటే 16వ శతాబ్దం మధ్య. 1526లో ఆగ్రాలో చేజిక్కిన పెద్ద వజ్రం గురించి బాబరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అదే కోహినూరయితే, అది దొరికేనాటికి కొల్లూరు గనే పుట్టలేదు. కొల్లూరుదని తావెర్నియే చెప్పింది గోల్కొండ మంత్రిగా చేసిన మీర్ జుమ్లా షాజహానుకిచ్చిన వజ్రాన్ని. దాన్ని తావెర్నియే 1665లో ఔరంగజేబు కొలువులో చూశాడు. అదే కోహినూరని బాల్ వాదించాడు. కాదు, రష్యాలో ఉన్న ఓర్లోవ్ అని ఇంకొందరు. నేను ఓర్లోవ్ వైపు. ఇదంతా చెప్పాక డ్రైవరు కాసేపాలోచించి, "అయితే ఫొటో కింద ఏం రాయమంటారు?" అన్నాడు.

కారు రెండోరోజు సాయంత్రానికి వదిలేశాను. ఏసీ బాగుంది, మనిషి మంచివాడు, వెయిటింగు చార్జీ దగ్గర పేచీ పెట్టలేదు. మీరు వెళ్ళేటప్పుడు మాత్రం 'కొల్లూరు' అనకండి, 'బెల్లంకొండ, పులిచింతల' అనండి. ఆఫీసువాళ్ళు మర్నాడు పంపిన రసీదు ఇంకా నా ఫోన్లో ఉంది: 'విజయవాడ నుంచి కొల్లూరు, వయా తెనాలి.'