కారుకో కైకాటి: ఓవర్‌హాల్ చేసిన ట్రాఫికేటర్ జత ఎలా ఉంది?

జానెడు పొడవున సన్నటి రేకు డబ్బా. నడుమ ఒక గాడి, గాడిలో ముడుచుకుని పడుకున్న చెయ్యి, ఆ చేతికి నారింజ రంగు పలక, కింద రాగితీగ చుట్ట. అనంతపురంలో ఏ మెకానిక్ షెడ్డులో బల్ల మీద పెట్టినా ముందు వచ్చే మాట "డోర్ హ్యాండిలా అన్నా ఇది?" అనే. ఆ తర్వాత ట్యాక్సీ మీటరు జెండా అంటారు, ఏదో పాతకాలం టార్చి అంటారు. గుంతకల్లు వైపు మనిషైతే మాత్రం గురి తప్పడు: "కైకాటి మాదిరి ఉందే!" అంటాడు. కైకాటి అంటే పట్టాల పక్క స్తంభానికి చెయ్యి ఉండే రైలు సిగ్నలు. నిజంగానే ఇది కారుకు కైకాటి. తేడా ఒకటే. మన పాత రైలు కైకాటి చెయ్యి వాలితే బండికి దారి ఉన్నట్టు. ఇది లేస్తేనే కారు ఆ పక్కకు తిరుగుతున్నట్టు.

దీని పేరు ట్రాఫికేటర్. మిణుకుమిణుకు ఇండికేటర్లు రాకముందు కారు పక్క స్తంభంలో, తలుపు వెనక, ఎడమకొకటి కుడికొకటి ఉండేవి. జర్మనీలో బాష్ కంపెనీ 1928లోనే ఇలాంటి చేతులు అమ్మింది. ఇంగ్లండు కార్లకు ఎక్కువగా లూకాస్ కంపెనీ తయారీవి వచ్చేవి. మోరిస్ మైనర్ అనే చిన్న కారుకు అక్కడ 1961 దాకా ఇవే ఉన్నాయి. ఆ మైనరే మన దేశంలో బేబీ హిందుస్థాన్ పేరుతో తిరిగింది కాబట్టి, ఈ చేతుల కోసం ఇప్పటికీ వెతికేవాళ్ళున్నారు.

ఇక్కడ చూస్తున్నది మైనర్‌కు సరిపోయే ఎస్‌ఎఫ్ 80 రకం, 12 వోల్టుల జత. ఆన్‌లైన్‌లో "పూర్తిగా బాగుచేసినవి" అని అమ్మే సరుకు. పైకి చూస్తే ముచ్చటగా ఉంది. రేకుకు కొత్త రంగు, కొత్త పలకలు, కొత్త స్క్రూలు. అయితే ఈ వస్తువులో చూడాల్సింది రంగు కాదు, చెయ్యి కిందికి ఎలా పడుతోందన్నది.

ఎందుకో చెప్పాలంటే లోపలి పని తెలియాలి. స్విచ్ వేస్తే చుట్టలోకి కరెంటు వెళ్ళి, మెత్తటి ఇనుప కడ్డీని కిందికి లాగుతుంది. ఆ కడ్డీ చేతి మొదలును లాగితే చెయ్యి టక్కున లేచి అడ్డంగా నిలుస్తుంది, అందులో బల్బు వెలుగుతుంది. స్విచ్ ఆపితే లాగే స్ప్రింగేమీ లేదు, తన బరువుకు తానే పడాలి. పడ్డాక ఒక చిన్న కొక్కెం దాన్ని పట్టుకుంటుంది, గుంతల్లో కారు ఎగిరినా బయటికి ఊగకుండా. కొన్న కొత్తలో పదిమందిలో తొమ్మిదిమంది చేసే తప్పు ఇక్కడే: గోటితో చెయ్యిని బయటికి పీకుతారు. కొక్కెం వదలదు, చెయ్యి వంగుతుంది. వంగిన చెయ్యి గాడికి రాసుకుని మళ్ళీ లోపలికి పోదు.

ఈ జతలో కుడి చెయ్యి శుభ్రంగా పడింది. ఎడమది మూడు వంతులు దిగి ఆగిపోయింది. నూనె వేసినా ఫలితం లేదు. కారణం బల్బుకు వెళ్ళే తీగ. అసలు తీగ దారంలా మెత్తగా, ఎటు వంచితే అటు వంగేలా ఉంటుంది. బాగుచేసినవాళ్ళు దాని బదులు మామూలు ప్లాస్టిక్ తొడుగు వైరు అతికించారు. చెయ్యి బరువు ఎంతని? ఆ వైరు బిరుసే స్ప్రింగులా చెయ్యిని పైకి తోస్తోంది. పాత రేడియో స్పీకరు కోనుకు వాడే అల్లిక తీగ నాలుగంగుళాల ముక్క వేస్తే సరిపోతుంది. ఒక జాగ్రత్త: పాత అసలు పలకలు సెల్యులాయిడ్‌వైతే పెట్రోలులా అంటుకుంటాయి. సోల్డరింగ్ ఐరన్ తీసేముందు పలక ఊడదీసి దూరంగా పెట్టండి. ఈ జతలోవి అక్రిలిక్ పలకలు కాబట్టి ఆ భయం లేదు, రంగు కూడా అసలుకు దగ్గరగానే ఉంది.

బిగించే ముందు బల్ల మీద పరీక్ష తప్పనిసరి. డబ్బాను కారులో ఉండేటట్టే నిలువుగా పట్టుకోండి. పడుకోబెట్టి చూస్తే ఏ చెయ్యి అయినా మొరాయిస్తుంది. మల్టీమీటరుతో రెండు చుట్టల ఓమ్‌లు, అంటే కరెంటుకు అవి ఇచ్చే నిరోధం, కొలవండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తక్కువ చూపిస్తే లోపల చుట్లు కలిసిపోయినట్టే. బాక్సు మీద 12 అని ఉన్నా పాత కార్ల 6 వోల్టుల చుట్టలు కలిపి అమ్మేవాళ్ళూ ఉన్నారు. 6 వోల్టుల చుట్టకు 12 ఇస్తే కరెంటు రెండింతలు, వేడి నాలుగింతలు. చెయ్యి మహా హుషారుగా లేస్తుంది, కాసేపటికి వార్నిష్ కాలిన వాసన వస్తుంది. ఆ హుషారు చూసి మురిసిపోవద్దు.

కారులో పెట్టాక చెయ్యి సగమే లేస్తే అనుమానం ముందు ఎర్తింగు మీద, అంటే కరెంటు కారు రేకు గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి మీద. స్క్రూ కింద రంగు గీకకుండా బిగిస్తే ఇదే జరుగుతుంది. అక్కడ రూపాయి బిళ్ళంత మేర రేకు కనిపించేలా గీకాలి. పాత గుడ్డ తొడుగు వైర్లయితే మార్చి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగండి. చెయ్యి లేచి లైటు రాకపోతే బల్బో, ఆ మెత్తటి తీగో. లైటు వచ్చి చెయ్యి కదలకపోతే కడ్డీ పట్టేసినట్టు, లేదా చుట్ట తెగినట్టు.

బల్బు మార్చే పద్ధతి: స్విచ్ వేయండి, చెయ్యి లేవగానే వేలితో ఆపిపట్టి స్విచ్ ఆపండి. చేతి కింద ఉన్న చిన్న స్క్రూ తీస్తే పై రేకు జారి వస్తుంది. లోపల రెండు కొనల 3 వాట్ల సన్న బల్బు. ఆటో ఎలక్ట్రికల్ షాపులో అడిగితే రూఫ్ లైటు బల్బు చేతిలో పెడతారు. అది లావు, మూత పడదు. ఎలాగో దూర్చినా 10 వాట్ల వేడికి పలక ఉబ్బుతుంది. ఎల్‌ఈడీ వేస్తే వెలుగు పెరుగుతుంది, కానీ ఆ కాలపు ఇంగ్లండు కార్లకు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొన కారు రేకుకు కలిపి ఉంటుంది, అని మరవొద్దు. ప్లస్, మైనస్ ఎటు కలిపినా వెలిగే రకమే అడగండి.

నూనె సంగతి. కొక్కెం పిన్ను దగ్గర అగ్గిపుల్ల కొనతో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. కడ్డీకి మాత్రం వద్దు, పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడిచి పొడిగా వదిలేయాలి. మన దుమ్ము, ముఖ్యంగా తాడిపత్రి బండల ఫ్యాక్టరీల వైపు తిరిగే కారైతే ఆ తెల్లపొడి, నూనెతో కలిసి గచ్చులా గట్టిపడుతుంది. గ్రీజు పెడితే ఇక చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి గాడిని పెయింటు బ్రష్షుతో దులిపితే చాలు.

ఇక రోడ్డు మీద. ఏప్రిల్ మధ్యాహ్నం అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో 3 వాట్ల నారింజ వెలుగు ఎవరికీ ఆనదు, కనపడితే చెయ్యి ఆకారమే కనపడాలి. అది చూసినా వెనక బైకు మీది కుర్రాడికి అదేమిటో తెలియదు. తలుపు సరిగా పడలేదనుకుని, అది చెప్పడానికి అదే పక్క నుంచి దూసుకొస్తాడు. ఎడమ చెయ్యి లేచి ఉండగా ఆటో రాసుకుపోతే పలక గోవిందా. ఇప్పటి ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరుతుంది, కన్ను పట్టుకునేది ఆ మిణుకునే. కాబట్టి దీన్నే నమ్ముకోవద్దు. బంపరు దగ్గర చిన్న అంబర్ లైట్లు బిగించి, వాటిని మిణుకుమనిపించే ఫ్లాషరు పెట్టి ఇదే స్విచ్‌కు కలపండి, కారుకు కొత్త రంధ్రాలు చేయకుండా బ్రాకెట్ల మీద. 50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బాడీ, ఛాసిస్, ఇంజను అసలు రూపంలో ఉండాలి. ఆ లెక్కన పక్క స్తంభంలో గాడి ఖాళీగా ఉన్న మైనర్‌కు ఈ జత కొనడం దండగ కాదు. గాడి లేని కారుకు రేకు కోసి పెట్టడం మాత్రం శుద్ధ దండగ.

అయిదులో మూడు మార్కులు. తీగ పని సరిగా చేసి ఉంటే నాలుగు.

హైవే మీద వేగంలో తిప్పితే గాలి నెట్టుడుకు చెయ్యి ఇరుసు దగ్గర బిగిసి, స్విచ్ ఆపినా బయటే ఉండిపోతుంది. అలాగని స్విచ్ పదేపదే నొక్కొద్దు, చుట్ట వేడెక్కుతుంది. వేగం తగ్గించి, లోపలి నుంచి ఆ స్తంభాన్ని అరచేత్తో ఒక్కటి తట్టండి. దిగిపోతుంది. రెండు దెబ్బలు కావాల్సి వస్తే గాడి దులిపే రోజు వచ్చినట్టు.